పాతపటముల సాక్ష్యము

మనుష్యులకు వలెనే ఊళ్ళకును ఆయువు కలదు. కొన్ని ఊళ్ళు కరవుచేతను, కొన్ని యుద్ధములచేతను, కొన్ని నదులు దారి మార్చుకొనుటచేతను అంతరించినవి. మరికొన్ని ఊళ్ళు లోకమునకు మేలుచేయ నుద్దేశించిన పనులచేతనే కనుమరుగైనవి. చనిపోయిన మనుష్యుని జ్ఞాపకార్థము బంధువులు అతని ఛాయాచిత్రమును గోడకు తగిలించి పూలదండ వేయుదురు. చనిపోయిన ఊరి చిత్రము ఎచ్చట నుండును? అది చాలసార్లు ఏదో కార్యాలయపు బీరువాలో, మడతలుపడి పసుపువారిన యొక పాతపటము రూపమున నుండును.

కాలము చెల్లిన పటములు చిత్తుకాగితములతో సమానమని తలచువారు పెక్కురు కలరు. క్రొత్త పంచాంగము వచ్చిన పిదప పాత పంచాంగమెందులకని వారి వాదము. ఆ వాదము సరియైనది కాదు. పాతపటము దారి చూపుటకు పనికిరాకపోవచ్చును. గాని సాక్ష్యము చెప్పుటకు అంతకంటె నమ్మదగినది అరుదు. అమెరికా దేశమున అపలాచియను పర్వతముల నడుమనున్న యొక చిన్న లోయ చరిత్ర ఇందుకు చక్కని తార్కాణము.

అమెరికా సంయుక్తరాష్ట్రముల తూర్పుభాగమున ఈశాన్యమునుండి నైరృతికి అపలాచియను పర్వతపంక్తి వ్యాపించియున్నది. అందు ఉత్తర కరొలైనా, టెనెసీ రాష్ట్రముల సరిహద్దుననున్న భాగమునకు గ్రేట్ స్మోకీ పర్వతములని పేరు. అడవులమీద నెల్లప్పుడును నీలిపొగవంటి మంచు క్రమ్ముకొనియుండుటచే ఆ పేరు వచ్చినది. ఆ కొండల దక్షిణపు వాలునుండి హేజెల్ క్రీక్ అను సెలయేరు పుట్టి, బండలమీదుగా దుముకుచు, లిటిల్ టెనెసీ నదిలో కలియుచున్నది. ఈ ప్రాంతము ఉత్తర కరొలైనాలోని స్వేన్ కౌంటీకి చెందినది. సెలయేటి కిరుప్రక్కలను కొలదిపాటి పల్లపునేల తప్ప, తక్కినదంతయు నిట్రముగా లేచిన కొండయే.

ఆ సీమ పూర్వము చెరోకీ జాతివారి నివాసభూమి. 1838వ సంవత్సరమున అమెరికా ప్రభుత్వము చెరోకీలలో అత్యధికులను బలవంతముగా పడమటికి తరలించెను. త్రోవలో వేలకొలది జనులు ఆకలిచేతను, చలిచేతను, రోగములచేతను మరణించిరి. ఆ ప్రయాణమును కన్నీటిబాట యని నేటికిని చరిత్రకారులు పేర్కొందురు. కొందరు మాత్రము కొండలలో నిలిచిపోయిరి. వారి సంతతివారు ఇప్పటికిని ఆ పర్వతముల చెంతనే జీవించుచున్నారు. 1830 ప్రాంతమున ప్రాక్టరు అను ఇంటిపేరుగల తెల్లవారి కుటుంబమొకటి హేజెల్ క్రీక్ ఒడ్డునకు వచ్చి నివాసమేర్పరచుకొనెను. క్రమముగా మరికొన్ని కుటుంబములు చేరెను. వారు మొక్కజొన్న పండించుచు, పందులను అడవిలోనికి తోలి మేపుకొనుచు, కర్రదుంగలతో ఇండ్లు కట్టుకొని జీవించిరి.

1904వ సంవత్సరమున హోరేస్ కెఫార్ట్ అను గ్రంథాలయాధికారి నగరజీవితమును వదలి ఈ లోయకు వచ్చి, సుమారు మూడేండ్లు నివసించెను. ఆ కొండజనుల నడవడిని, పలుకుబడిని, కష్టసుఖములను గమనించి 1913లో నొక ప్రసిద్ధగ్రంథమును ప్రకటించెను. తరువాత రిట్టరు అను కలప కంపెనీ లోయలో ప్రవేశించి, రైలుదారి వేసి, రంపపుమిల్లు నెలకొల్పెను. ప్రాక్టరు అను పల్లె వేయిమందికి పైగా జనులుగల పట్టణమైనది. కొండలమీది మహావృక్షములు నేలకూలినవి. 1928లో కలప తరిగిపోగా కంపెనీ వెడలిపోయెను. మిల్లు ఆగినది, జనము పలుచబడినది, తొల్లింటి రైతుకుటుంబములు మాత్రము పొలములను నమ్ముకొని నిలిచినవి.

ఇట్టి లోయలను కాగితముమీదికి తెచ్చిన ఘనత అమెరికా భూవిజ్ఞాన సర్వేశాఖకు దక్కినది. ఆ శాఖ 1879లో స్థాపింపబడినది. దానికి రెండవ అధిపతియైన జాన్ వెస్లీ పావెల్, అంతర్యుద్ధమున కుడిచేతిని గోల్పోయియు, కొలరాడో నదిని పడవలపై పరిశోధించిన సాహసి. దేశమునంతటిని ఒక క్రమపద్ధతిని కొలిచి పటములు గీయుటకు ఆయన 1884లో శాసనసభ యనుమతిని సంపాదించెను. నాటినుండి భూమాపకులు మ్యూలుగాడిదలమీద సామగ్రి వేసికొని అపలాచియను కొండలెక్కిరి. మూడుకాళ్ళ పీటపై బల్లను సమముగా నిలిపి, దానిమీద కాగితము పరచి, అలిడేడు అను దృష్టియంత్రముతో దూరపు శిఖరమును గురిచూచి గీత గీసెడివారు. మరియొక చోటికి పోయి ఆ శిఖరమునకే మరల గీత గీసెడివారు. ఆ రెండు గీతలు ఖండించుకొన్నచోటే ఆ శిఖరము యొక్క స్థానము. ఇట్లు కొండకొండకు బల్లను మోసికొనిపోవుచు, ఎండకును వానకును ఓర్చి, లోయలను వ్రాతలోనికి దించిరి.

వారు గీచిన పటమునకు స్థలాకృతి పటమని పేరు. సాధారణ పటము ఊరెచ్చటనున్నదో చెప్పును. స్థలాకృతి పటము ఆ ఊరు ఎంతయెత్తున నున్నదో కూడ చెప్పును. ఇందుకు సమోన్నతరేఖలు సాధనములు. సముద్రమట్టమునకు ఒకేయెత్తున నున్న తావుల నన్నిటిని కలుపుచు గీచిన గీతకు సమోన్నతరేఖ యని పేరు. వేసవిలో చెరువునీరు క్రమక్రమముగా దిగజారునపుడు గట్టుమీద ఒకదానిక్రింద నొకటిగా చారలు నిలుచును గదా! సమోన్నతరేఖలు అట్టి చారలవంటివి. చారలు దగ్గరదగ్గరగా నున్నచో వాలు నిట్రముగా నున్నదని అర్థము. దూరదూరముగా నున్నచో నేల చదునుగా నున్నదని అర్థము. సెలయేరు దాటుచోట ఆ గీతలు వంగి, ఏటి పుట్టుకవైపు మొనచూపును. తొలినాటి పటములను రాగిరేకులపై చెక్కి అచ్చువేసిరి. ఎత్తుపల్లములకు గోధుమరంగు, జలమునకు నీలము, మనుష్యులు కట్టినవానికి నలుపు వాడిరి. అడవికి ఆకుపచ్చరంగు తరువాత వచ్చినది.

తొలుత గీచిన పటములు చిన్నస్కేలువి. ఆ పటములలో ఒక అంగుళము సుమారు రెండు మైళ్ళకు సమానము. ఒక్క కాగితముమీద దాదాపు వేయి చదరపుమైళ్ళ సీమ ఇమిడియుండెడిది. తరువాతి కాలమున ఒక అంగుళమునకు 2,000 అడుగులచొప్పున పెద్దస్కేలు పటములు వచ్చినవి. వాటిలో ఒక్కొక్కటి సుమారు అరువది చదరపుమైళ్ళను మాత్రమే చూపును. కావున వాటిలో ఒక్కొక్క ఇల్లు ఒక్కొక్క నల్లని చుక్కగా గోచరించును. జెండాగల చుక్క బడి. సిలువగల చుక్క ప్రార్థనామందిరము. చిన్న గడిలోని సిలువ శ్మశానము. ఇంతకంటె ఆ పటము మాటాడదు. అయినను చూడనేర్చినవానికి అది చాలును. ఏటివెంట పూసలదండవలె నల్లచుక్కలు కనబడినచో, అచ్చటనే చదునునేల యున్నదనియు, అచ్చటనే మొక్కజొన్న పండుననియు, బడికిపోవు పిల్లలు ఆ ఏటిబాటనే నడచిరనియు తెలియును. బడి యెచ్చట, దానికి మిక్కిలి దూరముననున్న ఇల్లెచ్చట అని కొలిచి, ఆ యింటి బాలుడు దినమునకెన్ని మైళ్ళు నడచెనో చెప్పవచ్చును. ఏ కథకుడును వ్రాయని చరిత్ర అది.

ఇట్టి పటములే ఆ లోయ భవితవ్యమును నిర్ణయించుటకును ఉపయోగపడినవి. 1933వ సంవత్సరమున టెనెసీ లోయ అథారిటీ యను సంస్థ ఏర్పడినది. వరదలనాపుట, విద్యుచ్ఛక్తి పుట్టించుట, పేదసీమను బాగుచేయుట దాని యుద్దేశములు. ఆనకట్టలు కట్టవలెనన్న మొదట నేల యెత్తుపల్లములు తెలియవలెను. కావున ఆ సంస్థ, సర్వేశాఖతో కలిసి, విమానములనుండి తీసిన ఛాయాచిత్రముల సాయమున టెనెసీ నదీలోయకు పెద్దస్కేలు పటములు గీయించెను. 1941 డిసెంబరులో అమెరికా రెండవ ప్రపంచయుద్ధమున ప్రవేశించినది. యుద్ధవిమానములకు అల్యూమినియము వలసెను; అల్యూమినియమునకు విద్యుత్తు వలసెను. 1942 జనవరిలో లిటిల్ టెనెసీ నదిపై ఫాంటానా ఆనకట్ట నిర్మాణమారంభమైనది. రేయింబవళ్ళు పని సాగెను. 1944 నవంబరులో తలుపులు మూసి నీటిని నిలిపిరి. ఆ యానకట్ట యెత్తు 480 అడుగులు. అమెరికా తూర్పుభాగమున అంతకంటె ఎత్తైన ఆనకట్ట లేదు.

ఇచ్చట పటము యొక్క శక్తి యెట్టిదో గ్రహింపవలెను. సమోన్నతరేఖ నేలమీద కానరాదు. రైతు నాగలి తోలుచు దానిని దాటుచుండును; ఇల్లాలు నీళ్ళబిందెతో దానిని దాటుచుండును; వారెవ్వరును దానినెరుగరు. కాని ఆనకట్ట వెనుక నీరు ఎంతయెత్తు నిలువవలెనో కార్యాలయమున నిశ్చయించిన క్షణముననే, ఆ యెత్తుగల గోధుమరంగు గీత తీరరేఖ యగును. దానికి దిగువనున్న నల్లచుక్కలన్నియు నీటిపాలగును. మునుపు కంటికగపడని గీత, ఇప్పుడు ఒక యింటికిని మరియొక యింటికిని నడుమ విధివలె నిలుచును. ఫాంటానా జలాశయము నిమిత్తము 1,300 కుటుంబములకు మించి తమ నెలవులను విడిచిపోవలసివచ్చెను.

అయితే ఆ గీత నష్టమునకు సరియైన హద్దు కాదు. హేజెల్ క్రీక్ లోయలో చాలభాగము నీటిమట్టమునకు ఎగువననే యున్నది. అచ్చటి పొలములు మునుగలేదు, ఇండ్లు మునుగలేదు. కాని లోయకుపోవు రహదారి మునిగినది. యుద్ధకాలమగుటచే క్రొత్తదారి వేయుటకు సామగ్రి లేదు. దారిలేని ఊరు ఊరుగా నిలువజాలదు. అందుచే జలాశయమునకు ఉత్తరపుటొడ్డుననున్న భూమి సుమారు 44,000 ఎకరములను ప్రభుత్వము తీసికొని గ్రేట్ స్మోకీ పర్వతముల జాతీయవనమున కలిపెను. నీటిలో మునుగని యిండ్లవారు కూడ వలసపోయిరి. ముంపుపటమునందు మునుగు నేలకు మాత్రమే రంగు వేయుదురు. మునుగని నేలమీదనుండియే మునిగిపోయిన బ్రతుకులను చూపుటకు ఏ రంగును లేదు. అభివృద్ధి పనులకు పటములు గీయువారు ఈ సంగతిని మరువరాదు.

1943లో టెనెసీ లోయ అథారిటీ, అమెరికా ఆంతరంగిక వ్యవహారముల శాఖ, ఉత్తర కరొలైనా రాష్ట్రము, స్వేన్ కౌంటీ కలిసి యొక ఒప్పందము చేసికొనెను. యుద్ధము ముగిసి, శాసనసభ ధనము మంజూరు చేసినపుడు, జలాశయపు ఉత్తరపుటొడ్డున క్రొత్తదారి వేయబడునని అందలి వాగ్దానము. ఆ దారి ఏడుమైళ్ళు వేసిరి. కొండలో సుమారు 1,200 అడుగుల సొరంగము తొలిచిరి. త్రవ్విన రాయినుండి ఆమ్లము కారి సెలయేళ్ళను చెరచుననియు, వ్యయము పెరుగుచున్నదనియు 1970ల తొలినాళ్ళలో పని నిలిచిపోయెను. సొరంగమునకు ఆవలితట్టు అడవియే. ఎచ్చటికిని పోని దారి యని జనులు దానికి పేరుపెట్టిరి. తుదకు 2010లో, దారికి మారుగా 5 కోట్ల 20 లక్షల డాలర్లను కౌంటీకి ఇచ్చుటకు అంగీకారము కుదిరినది. తుది మొత్తము 2018లో చేతికందినది. ధనము తీసికొనుట మేలని కొందరు సంతోషించిరి. మాకు వలసినది దారియే గాని ధనము కాదని మరికొందరు వగచిరి.

దారికొరకు వారంతగా పట్టుపట్టుటకు కారణమేమి? ఉత్తరపుటొడ్డున కొండవాలులపై వారి పెద్దల సమాధులు కలవు. నీట మునుగునట్టి సమాధులను పలుచోట్లకు తరలించిరి. ఎగువనున్నవి అచ్చటనే నిలిచిపోయినవి. అపలాచియను సీమలో ఏటేట వేసవిలో కుటుంబమువారందరు శ్మశానమునకుపోయి, కలుపుతీసి, మట్టి యెగదోసి, సమాధులపై పూలుంచి, పాటలు పాడి, కలిసి భుజించుట యాచారము. దానిని అలంకరణదినమని పిలుతురు. 1970ల చివరినుండి జాతీయవనమువారు పడవలలో ఆ కుటుంబములవారిని జలాశయము దాటించుచున్నారు. ముదుసళ్ళు మనుమల చేయిపట్టుకొని కొండదారి నెక్కుదురు. చాలసమాధులకు చెక్కినరాయి లేదు. ఏటిలో దొరికిన బండరాయి మాత్రమే తలాపిన నిలిపియుండును. చెట్లు పెరిగి, బాట మాసి, గుర్తెరిగిన పెద్దలు గతించినపుడు, పాతపటములోని చిన్న సిలువగుర్తే అట్టివారికి దారిచూపు దీపము. పాతపటము దారిచూపదన్న మాట ఇచ్చట అబద్ధమైనది.

ఆ లోయకు సంబంధించిన పాతపటమును, క్రొత్తపటమును ప్రక్కప్రక్కన పరచి చూచినచో మనస్సు కలుక్కుమనక మానదు. పాతదానిలో ఏటివెంట నల్లచుక్కలు, రైలుదారి, బడి, మందిరము కనబడును. క్రొత్తదానిలో క్రింద నీలము, పైన పచ్చదనము వ్యాపించియుండును. ప్రాక్టరు అను పేరును, కొన్ని శ్మశానపు గుర్తులును మాత్రము మిగిలినవి. క్రొత్తపటమును మాత్రమే చూచినవాడు, ఇది ఆదినుండియు మనుష్యుడు అడుగిడని మహారణ్యమని భ్రమపడును. నిజమునకు నూరేండ్లక్రిందట ఆ కొండలు నరికివేయబడిన చెట్ల మొదళ్ళతో నిండియుండినవి. ఆ పచ్చదనము తరువాత మొలిచినది. ప్రతి పటమును ఒక్క దినము యొక్క సత్యము. రెండు పటములను పోల్చిచూచినపుడే చరిత్ర పుట్టును. కావున క్రొత్తపటము వచ్చినదని పాతదానిని పారవేయుట, కుమారుడు పుట్టెనని తండ్రి జాతకమును చింపివేయుటవంటిది.

ఇందుకు కొందరు ఆక్షేపణలు చెప్పుదురు. పాతపటములలో తప్పులు మెండని మొదటి యాక్షేపణము. అది నిజమే. తొలిపటములలో సమోన్నతరేఖలు నూరేసి అడుగుల అంతరమున గీయబడినవి. అరువది అడుగుల గుట్ట రెండుగీతల నడుమ మాయమైపోవచ్చును. భూమాపకుడు ఎక్కని కొండవాలును దూరమునుండి చూచి గీసినచోట్లును కలవు. అయినను, తప్పుకూడ సాక్ష్యమే. ఏచోట గీత సూక్ష్మముగా నున్నదో అచ్చటికి భూమాపకుడు పోయినాడని తెలియును; ఏచోట స్థూలముగా నున్నదో అచ్చటికి అతడు పోలేదని తెలియును. సాక్షి పొరపడినమాత్రమున న్యాయాధిపతి అతనిని బయటికి గెంటివేయడు. ఇతర సాక్షులతో పోల్చి సత్యమును తేల్చును. పటమును చదువువాడును అట్లే చేయవలెను.

ఆకాశమునుండి ఉపగ్రహములు భూమినంతటిని చిత్రించుచున్న ఈ దినములలో పాతగీతలెందులకని రెండవ యాక్షేపణము. ఉపగ్రహము నేటి భూమిని చూచును; నిన్నటి భూమిని చూడజాలదు. అది చెట్లతలలను చూచును. వాటినీడన నిలిచియున్న పొయ్యిరాళ్ళను చూడలేదు. విమానమునుండి లేజరు కిరణములు ప్రసరింపజేసి, అడవిక్రింది పునాదులను సైతము పసిగట్టు విద్య ఇప్పుడు వచ్చినది. అది మెచ్చదగినదే. కాని ఆ పునాది బడిదో, అంగడిదో, ఎవరి యింటిదో కిరణము చెప్పదు. పాతపటమున జెండాగుర్తు దానిని చెప్పును. క్రొత్తవిద్యయు పాతకాగితమును కలిసినపుడే కన్నును చెవియు కలిసినట్లగును.

గతమును త్రవ్వుటచే పాతకక్షలు రేగునని మూడవ యాక్షేపణము. ఆనకట్టవలన కలిగిన మేలును కాదనరాదు. వరదలు తగ్గినవి, చీకటి ఇండ్లలో దీపములు వెలిగినవి, నరకబడిన కొండలు మరల అడవులైనవి. పలువురి మేలునకు కొందరు త్యాగము చేయవలసివచ్చుటయు లోకమున ఉన్నదే. కాని త్యాగము చేసినవారెవరో, ఎంత చేసిరో, వారికి ఏమి మాట యిచ్చిరో లోకము మరచిపోవుట మాత్రము ధర్మము కాదు. 1943 నాటి మాటకు 2010లో పరిహారము కుదిరినదనగా, నడుమ 67 సంవత్సరములు గడచినవి. ఒప్పందపత్రమును, పెద్దల నోటిమాటలను, సమాధుల గుర్తులను ఆ జనులు భద్రపరచుకొని యుండనిచో ఆ మాట ఏనాడో గాలిలో కలిసిపోయియుండెడిది. రికార్డు బలహీనుల ఆస్తి. బలవంతునకు అధికారమున్నది, బలహీనునకు కాగితమే దిక్కు.

అయినను పాతపటమును పూజింపవలెనని దీనియర్థము కాదు. అదియు కొన్నిటిని చెప్పి కొన్నిటిని దాచును. భూమాపకుడు హేజెల్ క్రీక్ నకు వచ్చునప్పటికి చెరోకీలను తరలించి అర్ధశతాబ్దము దాటినది. అతని పటమున వారి ఊళ్ళకు నల్లచుక్కలు లేవు. నాంటహేలా మొదలగు నదుల పేర్లలో మాత్రము వారి భాష నిలిచినది. ఆ పేరునకు మధ్యాహ్నసూర్యుని సీమ యని అర్థము చెప్పుదురు. అచ్చటి లోయ మిక్కిలి లోతైనదగుటచే సూర్యుడు నడినెత్తికి వచ్చినపుడుగాని వెలుగు క్రిందికి దిగదట. 6,643 అడుగుల యెత్తుగల అత్యున్నతశిఖరమును చెరోకీలు కువోహీ యని పిలిచెడివారు. పటములలో మాత్రము క్లింగ్‌మన్ అను రాజకీయనాయకుని పేరు చాలకాలము నిలిచినది. చెరోకీల కోరికపై 2024 సెప్టెంబరులో భౌగోళికనామముల మండలి కువోహీ యను పేరును తిరిగి నిలిపెను. పటమునందొక పేరు మార్చుటకు ఇంతకాలము పట్టుట చూడగా, పేరు చిన్నవిషయము కాదని తెలియుచున్నది. పటము గీయువారు ఆ నేలమీద బ్రతుకువారిని అడిగి పేర్లు వ్రాయవలెను. చదువువారు, ఇందు ఎవరి పేరు లేదు అని కూడ ప్రశ్నింపవలెను.

ఈ విషయమున అమెరికా సర్వేశాఖ చేసిన యొక పని మెచ్చదగినది. 1884 నుండి 2006 వరకు తాము అచ్చువేసిన స్థలాకృతి పటములను ప్రతిబింబములుగా మార్చి, 2011 నుండి ఎవరైనను ఉచితముగా చూచునట్లు ప్రకటించుచున్నారు. అట్టి పటముల సంఖ్య సుమారు 1,78,000. హేజెల్ క్రీక్ నుండి వలసపోయినవాని మునిమనుమడు ఇప్పుడు ఏ నగరముననున్నను, తన తాతముత్తాతల ఇల్లు ఏటికి ఏవైపున నుండెనో ఇంటనుండియే చూడవచ్చును. ప్రజల ధనముతో గీచిన పటము ప్రజలదే. దానిని బీరువాలో పెట్టి తాళము వేయుట న్యాయము కాదు.

హేజెల్ క్రీక్ కథ దూరదేశపుదైనను తెలుగువారికి పరాయిది కాదు. టెనెసీ లోయ సంస్థను మాదిరిగా గైకొని 1948లో మన దేశమున దామోదర్ లోయ కార్పొరేషను ఏర్పడినది. పిదప కృష్ణానదిపై కట్టిన నాగార్జునసాగరము, శ్రీశైలము జలాశయములు లక్షలకొలది ఎకరములకు నీటిని, ఇండ్లకు వెలుగును ఇచ్చినవి; పెక్కు ఊళ్ళను కడుపున దాచుకొన్నవి. నాగార్జునకొండ శిథిలములను ఎత్తైన చోటికి చేర్చిరి. కూడవెల్లి సంగమేశ్వరాలయమును అలంపురమునకు తరలించిరి. రాళ్ళను తరలింపవచ్చును. చింతతోపు, రచ్చబండ, చెరువుగట్టు, వాగుమలుపు తరలిరావు. వాటికి పటములును, పెద్దల జ్ఞాపకములును మాత్రమే ఆశ్రయము.

కావున విద్యార్థులు పటమును పరీక్షకొరకు నేర్చుకొను గీతలగానే భావింపరాదు. ప్రతి నల్లచుక్కయు ఒక పొయ్యి. ప్రతి సన్నగీతయు ఎవరో నడచిన త్రోవ. తమ ఊరి పాతపటము దొరికినచో దానిని పెద్దలయెదుట పరచి, ఈ చుక్క ఎవరి యిల్లు, ఈ మడుగునకు పేరేమి, ఈ బాట ఎందుకు మూతబడెనని అడుగవలెను. వారు చెప్పినదానిని తేదీతో సహా వ్రాసి పెట్టవలెను. ఊరు నిలిచియున్నపుడే ఈ పని సులభము. ఊరు పోయిన తరువాత అడుగుటకు మనుష్యులుండరు. వెదకుటకు కాగితము కూడ ఉండకపోవచ్చును.

నేడు హేజెల్ క్రీక్ ఒడ్డున, ప్రాక్టరు ఉండినచోట, పాతకాలపు కర్రయిల్లు ఒకటి మాత్రము నిలిచియున్నది. చుట్టును అడవి. ఏటిధ్వని తప్ప వేరుధ్వని లేదు. పాతపటమును చేతబట్టి అచ్చట నిలిచినవానికి, ఆ యేటివెంట ఒక్కొక్క చుక్కయు ఇల్లై, ఇంటింటను పొగ లేచి, బడిగంట మ్రోగినట్లు తోచును. ఒక కాగితము అంతపని చేయగలిగినపుడు, దానిని కాపాడుట నాగరికులకు భారమెట్లగును?